బిళ్ళ వేస్తే పాట

చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో బరువు చూసే మిషను మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. ఎర్రటి పెద్ద పెట్టె, లోపల రంగురంగుల దీపాలు, గిర్రున తిరిగే చక్రం. పైసలు వేస్తే టకటకమని అట్టముక్క బయటికొచ్చేది. బరువు ఎంతన్నది ఎవరికి కావాలి! ఆ దీపాలు, ఆ చప్పుడు, అట్ట వెనకాల అచ్చువేసిన జాతకం, వాటికోసమే నాన్నగారి చొక్కా పట్టుకు లాగేవాళ్ళం. అలా బిళ్ళ వేస్తే బరువు చెప్పే మిషనులాగే, బిళ్ళ వేస్తే పాట పాడే మిషన్లు కూడా ప్రపంచంలో వుండేవి. ఇంగ్లీషు సినిమాల్లో చూసే వుంటారు. హోటల్లో ఓ మూల నిలువెత్తు పెట్టె, కమాను ఆకారం, చుట్టూ రంగు గొట్టాలు, వాటిలో బుడగలు పైకి పాకుతుంటాయి. దాన్ని జ్యూక్ బాక్స్ అంటారు. ఈవేళ ఆ మిషన్ల కథ, వాటిని దాచిపెట్టేవాళ్ళ కథ చెప్పుకుందాం.

అసలు ఇది ఎలా మొదలైందంటే, 1877లో ఎడిసన్ మాటను పట్టి వుంచే యంత్రం కనిపెట్టాడు కదా. అది ఆఫీసుల్లో ఉత్తరాలు చెప్పి రాయించుకోవడానికి పనికొస్తుందనే ఆయన అనుకున్నాడు. పాటలకీ వినోదానికీ దాన్ని వాడటం ఆయనకు మొదట్లో ఏమంత నచ్చలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లూయీ గ్లాస్ అనే ఆయన, ఇలాంటి యంత్రాలు అద్దెకిచ్చే కంపెనీకి మేనేజరు. ఆఫీసులవాళ్ళు తీసుకోకపోతే ఏం, పాటలు వినేవాళ్ళు లేరా అనుకున్నాడు. 1889 నవంబరు 23న ఆ వూళ్ళో పాలే రాయల్ అనే మద్యశాలలో ఒక యంత్రాన్ని పెట్టాడు. బాటరీతో నడిచేది. దానికి డాక్టరు గుండె చూసే గొట్టాల్లాంటివి నాలుగు తగిలించాడు. ఒక్కొక్క గొట్టానికి ఒక్కొక్క బిళ్ళ, ఐదు సెంట్ల నికెల్ నాణెం. వేసినవాడు చెవుల్లో పెట్టుకు వింటాడు, వెయ్యనివాడు మొహం చూస్తూ నిలబడతాడు!

ఒకరి చెవిలో పెట్టుకున్న గొట్టం ఇంకొకరు పెట్టుకోవాలి కదా, అందుకని తుడుచుకోవడానికి పక్కనే తువ్వాలు కూడా వుంచేవారట. ఆ ఒక్క తువ్వాలుతో ఎంతమంది తుడుచుకునేవారో ఆలోచిస్తే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇంకో తమాషా. పాట అయిపోగానే అందులోంచే ఒక గొంతు, ఇక అటు వెళ్ళి ఏదైనా తాగండని చెప్పేది. దుకాణం యజమానితో చేసుకున్న ఒప్పందం అది. పాట మధ్యలో ప్రకటన వస్తోందని ఇప్పుడు మనం విసుక్కుంటాం గాని, ఆ జబ్బు పాటల మిషనుతో పాటే పుట్టిందన్నమాట. ఆర్నెల్లు తిరక్కుండా ఆ ఒక్క మిషను వెయ్యి డాలర్లకు పైగా సంపాదించింది. అంటే ఇరవైవేల బిళ్ళలకు పైమాటే.

దీనికి కాస్త అటూ ఇటూగా జర్మనీలో లైప్‌జిగ్ పట్టణంలో మరో రకం తయారైంది. అది మనిషి గొంతు కాదు, వాయిద్యం. ఉక్కురేకు పళ్ళెం, దాని అడుగున లేచి వున్న చిన్న చిన్న కొక్కేలు. పళ్ళెం తిరుగుతుంటే ఆ కొక్కేలు చిన్న నక్షత్రపు చక్రాలను తిప్పుతాయి, ఆ చక్రాలు ఉక్కు దువ్వెన పళ్ళను మీటుతాయి. పన్నుకో స్వరం. పళ్ళెం మారిస్తే పాట మారుతుంది. ఇంగ్లండులో మద్యశాలల్లో పెన్నీ బిళ్ళ వేసి వినేవారు. ఆ లైప్‌జిగ్ వ్యాపారస్థుల్లో బ్రాఖ్‌హౌజెన్ అనే ఆయన 1892లో అమెరికా వెళ్ళి రెజీనా అనే కంపెనీ పెట్టాడు. గ్రామఫోన్ వచ్చి పడ్డాక ఆ పళ్ళేలకు గిరాకీ పోయింది. కంపెనీ ఏం చేసిందనుకున్నారు? ఇల్లు వూడ్చే వాక్యూమ్ క్లీనర్లు చెయ్యడం మొదలుపెట్టింది. తర్వాత రెజీనా అంటే అమెరికా ఇల్లాళ్ళకు చీపురు మిషను పేరే. దాని పూర్వజన్మ సంగీతమని ఎందరికి తెలుసో! కాగితం చుట్టకు చిల్లులు పొడిచి దానంతటది వాయించే పియానోలు, పియానోతో పాటు నిజం ఫిడేలును కూడా వాయించే పెట్టెలు, ఇవన్నీ ఆ కాలంలోవే. వాటి జోలికి పోతే మనకిచ్చిన టైము చాలదు.

ఒక్క మిషనులో ఎన్నో పాటలుండి, మనక్కావలసింది మనం ఏరుకోవడం అనే సదుపాయం 1906లో షికాగోలో జాన్ గేబెల్ తెచ్చాడు. ఇరవైనాలుగు పాటలు. కరెంటు అక్కర్లేదు. బిళ్ళ వేసి పిడి తిప్పితే చాలు, ప్లేటు దానంతటదే వచ్చి కూర్చునేది, పాటపాటకీ ముల్లు కూడా తనే మార్చుకునేది. అయితే దాని గొంతు చిన్నది, పెద్ద హాలుకు వినపడేది కాదు. 1927లో కరెంటుతో శబ్దం పెంచే యంత్రాలు వచ్చాయి. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశారు. వూరూరా బార్లు తెరిచారు. అప్పుడు వాళ్ళకు గొప్ప ఆర్థికమాంద్యం, పాటకచేరి పెట్టించే స్తోమతు లేదు. ఐదు సెంట్లకే పేరున్న బ్యాండు పాట వినిపించే పెట్టె వుంటే ఎవరు వద్దంటారు? అప్పుడు పుంజుకుంది ఈ వ్యాపారం. వుర్లిట్జర్, సీబర్గ్, ఏ.ఎమ్.ఐ., రాక్-ఓలా అనే నాలుగు కంపెనీలు దాన్ని పంచుకున్నాయి. రాక్-ఓలా అంటే రాకెన్‌రోల్ పాటల మీద పెట్టిన పేరని చాలామంది అనుకుంటారు. కాదు. యజమాని ఇంటిపేరే రాకోలా! రాకెన్‌రోల్ పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆయన కంపెనీ వుంది.

జ్యూక్ అన్న మాట మాత్రం కంపెనీలవాళ్ళు పెట్టింది కాదు. వాళ్ళకది ఇష్టమే లేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నీగ్రో కూలిజనం, ఇప్పుడు నల్లజాతివారు అనడం మర్యాద, పగలంతా పత్తిచేలల్లో, కట్టె మిల్లుల్లో చాకిరీ చేసి, సాయంత్రం ఆడి పాడుకునే పాకల్ని జ్యూక్ జాయింట్లు అనేవారు. ఆ పాకల్లో మోగింది గనక జ్యూక్ బాక్స్ అయింది. 'నాణెంతో నడిచే ఫోనోగ్రాఫు' అని కంపెనీలు ఎంత మర్యాదగా చెప్పుకున్నా జనం నోట నిలిచింది పాక పేరే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఆ రోజుల్లో రేడియో స్టేషన్లలో నల్లజాతి గాయకుల పాటలకు చోటు అంతంతమాత్రం. జ్యూక్ బాక్సుకు ఆ పట్టింపు లేదు. బిళ్ళ ఎవరి చేతిదైనా బిళ్ళే కదా. ఏ పేటలో జనం ఏం వింటారో ఆ పాటలే పెట్టెలో పెట్టేవారు. ఈ పెట్టెలు సాధారణంగా హోటలు యజమానివి కావు. వాటిని తిప్పే ఆపరేటరు వేరే వుండేవాడు. వారానికోసారి వచ్చి, పెట్టె తెరిచి, బిళ్ళలు లెక్కపెట్టి, యజమాని వాటా యజమానికిచ్చి, పాత ప్లేట్లు తీసి కొత్తవి పెట్టి పోయేవాడు. ఏ పాట ఎన్నిసార్లు మోగిందో లెక్కచూపే మీటర్లు 1930లలోనే వచ్చాయి. ఇష్టాయిష్టాలను డబ్బిచ్చి చెప్పిన ఓట్లు అవి. బిల్‌బోర్డ్ పత్రిక జ్యూక్ బాక్సుల్లో ఎక్కువగా మోగిన పాటల పట్టికను 1944 నుంచి 1957 దాకా వేసింది. రేడియోలో వినపడని గొంతులు ఆ పట్టికల్లో కనపడతాయి. నన్నడిగితే, ఈ మిషన్ల చరిత్ర ఎందుకు దాచాలంటే మొదటి కారణం ఇదే.

అన్నీ మంచి సంగతులే అనుకోకండి. చిల్లర డబ్బు కుప్పలుగా దొరికేచోటికి రౌడీలు రాకుండా వుంటారా! ఈ వ్యాపారంలో బెదిరింపుల గురించి 1959లో అమెరికా సెనేటు సంఘమొకటి విచారణే జరిపింది.

మధ్యలో యుద్ధం వచ్చింది. 1942లో జ్యూక్ బాక్సుల తయారీ ఆగిపోయింది, రాక్-ఓలా వాళ్ళు తుపాకులు చేశారు. ప్లేట్లకూ కరువొచ్చింది. ఎందుకో తెలుసా? లక్క లేక. అవును, మన లక్కే. మన లాడ్‌బజారు గాజులకూ ఏటికొప్పాక బొమ్మలకూ వాడే లక్క. ఆ రోజుల నల్ల ప్లేట్లను శుద్ధిచేసిన లక్కలో రాతిపొడి కలిపి అచ్చుపోసేవారు. ఆ లక్కలో ఎక్కువ భాగం మనదేశం నుంచి వెళ్ళేదే. ఛోటా నాగపూర్ అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టిన లక్కను అక్కడి గిరిజనులు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ, గీసి తెచ్చేవారు. అది కలకత్తా రేవు నుంచి ఓడలెక్కేది. యుద్ధంలో ఓడలు దొరక్క, ఉన్న లక్క యుద్ధసామగ్రికి కావలసి వచ్చి, అమెరికా ప్రభుత్వం ప్లేట్ల కంపెనీలకు కోత పెట్టింది. పాత ప్లేట్లు తెచ్చిస్తే కరిగించి కొత్తవి చేసేవారు. ఎన్ని పాటలు అలా కరిగిపోయాయో! మిసిసిపీ పాకలో మోగిన పాటకూ మన అడవిలో కొమ్మ గీసిన మనిషికీ అలా చుట్టరికం కలిసింది.

యుద్ధం ముగిశాక, 1946లో, సినిమాల్లో కనిపించే ఆ బుడగల పెట్టె వచ్చింది. వుర్లిట్జర్ 1015 అంటారు. పాల్ ఫుల్లర్ అనే ఆయన గీసిన రూపం. యాభైఆరు వేలకు పైగా అమ్ముడుపోయాయి. అందంలో దానికి సాటి లేదు, కాదనను. కాని పనితనం చూస్తే రెండేళ్ళ తర్వాత, 1948లో సీబర్గ్ వాళ్ళు తెచ్చిన ఎమ్100ఏ గొప్పదని నాకనిపిస్తుంది. వుర్లిట్జర్‌లో ఇరవైనాలుగు పాటలుంటే ఇందులో నూరు. ప్లేట్లు షెల్ఫులో పుస్తకాల్లా నిలబడి వుంటాయి. ఒక బండి వాటి ముందు అటూఇటూ పరుగెత్తి, కావలసిన ప్లేటు దగ్గర ఆగి, దాన్ని అందుకొని, నిలువుగానే పట్టుకొని వాయిస్తుంది. రెండు వైపులా వాయిస్తుంది. అంతా గాజుపలకలోంచి కనపడుతుంది. పోపులపెట్టెలో చెయ్యి తడబడకుండా జీలకర్ర తీసినట్టు! మరుసటేడు నలభైఅయిదు ఆర్‌పీఎమ్ చిన్న ప్లేట్లు, మధ్యలో పెద్ద చిల్లువి, బజారుకొచ్చాయి. తేలిక, పగలవు. 1950 నుంచి జ్యూక్ బాక్సులవాళ్ళు ఆ ప్లేట్లకే తిరిగిపోయారు.

ఇప్పుడు చెప్పబోయేది మీరు ముఖ్యంగా వినాలి. అమెరికాలో సియాటిల్ అనే పట్టణం వుంది. అక్కడ షైవర్స్ అనే ఆయన ఇంకో తరహా మిషను పెట్టాడు, మల్టీఫోన్ అని. 1939 ప్రాంతం నుంచి 1959 దాకా నడిచింది. హోటల్లో బల్ల మీద చిన్న గోపురంలాంటి పెట్టె. అందులో ప్లేటు లేదు, ముల్లు లేదు. టెలిఫోన్ తీగ మాత్రం వుంది. బిళ్ళ వేస్తే ఒక అమ్మాయి పలుకుతుంది. జాబితా చూసి పాట నంబరు చెప్పాలి. దాదాపు నూటడెబ్భై పాటలు. వూళ్ళో ఎక్కడో ఒక గదిలో గ్రామఫోన్ల వరస ముందు కూర్చున్న ఆ అమ్మాయి, ఆ ప్లేటు తీసి, ముల్లు పెడితే, ఇక్కడ బల్ల మీద పాట వస్తుంది. అంటే ఆ మిషనులోని మిషను ఒక ఆడమనిషి. చెయ్యి, చెవి, గొంతు ఆమెవే.

ఆ మల్టీఫోన్ పెట్టెలు ఇప్పుడూ కొన్ని వున్నాయి. మెరిసిపోతూ వుంటాయి, వేలంపాటల్లో మంచి ధర పలుకుతాయి. పెట్టెను దాచుకున్నవాళ్ళున్నారు. చెవికి తొడుగు పెట్టుకుని, రాత్రి పొద్దుపోయేదాకా ఒకదాని తర్వాత ఒకటి ప్లేట్లు మార్చిన అమ్మాయిల పేర్లు ఏ పెట్టె మీదా వుండవు. యజమాని పేరు మాత్రం వుంటుంది.

పాట రాసినవాళ్ళ సంగతీ అంతే. 1909లో అమెరికాలో చేసిన కాపీరైటు చట్టం ప్రకారం, లోపలికి రావడానికి టిక్కెట్టు పెట్టని చోట, బిళ్ళ వేసి మోగించుకునే పాటకు రాసినవాడికి ఏమీ ఇవ్వక్కర్లేదు. అప్పటికది ఆటబొమ్మలాంటి వ్యవహారం కదా అని వదిలేశారు. తర్వాత లక్షల మిషన్లు వచ్చినా ఆ మినహాయింపు అలాగే వుండిపోయింది. 1976లో కొత్త చట్టం చేసి, 1978 నుంచి మిషనుకు ఏడాదికి ఎనిమిది డాలర్లు కట్టమన్నారు. దాదాపు డెబ్భై ఏళ్ళు! ప్లేటు అమ్మినప్పుడు వచ్చే నాలుగు డబ్బులు తప్పిస్తే, తన పాట ఒక్కొక్క బారులో రోజుకు నూరుసార్లు మోగినా కవి జేబులోకి బిళ్ళ రాలేదు.

చివరికి ఆ మిషన్లకూ కాలం చెల్లింది. 1974లో వుర్లిట్జర్ అమెరికాలో జ్యూక్ బాక్సులు చెయ్యడం మానేసింది. 1979లో సీబర్గ్ దివాలా తీసింది. తర్వాత కంపాక్టు డిస్కులు, ఇంటర్నెట్టు, ఇప్పుడు ఫోను. చేతిలో ఫోనుకు నోటితో చెబితే పాట పాడుతోంది. పాత పెట్టెలు చాలావరకు ముక్కలయ్యాయి. అవి వాటంతటవే పోలేదు సుమండీ. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకుని ధర తగ్గించే పద్ధతి మన ఇళ్ళల్లో కుక్కర్లకూ మిక్సీలకూ వున్నట్టే అక్కడా వుండేది. అలా తిరిగొచ్చిన పాత పెట్టెలు మళ్ళీ ఎవరి చేతికైనా పోతే కొత్తవి అమ్ముడుపోవని, వాటిని పగలగొట్టి తగలబెట్టిన కాలం కూడా వుంది. 1970ల తర్వాత వాటిమీద మోజు పుట్టి, గొడ్లచావడిలోంచి, నేలమాళిగల్లోంచి వెతికి తీశారు. రంగులు వేశారు, బుడగల గొట్టాలు మార్చారు. 1986లో వుర్లిట్జర్ పేరుతోనే ఆ పాత 1015 రూపాన్ని మళ్ళీ తయారుచేసి అమ్మారు.

మంచిదే. అయితే బాగుచేసే పెద్దలు చాలామంది పెట్టె తెరవగానే చేసే మొదటి పని ఏమిటంటే, పాట పేర్ల చీటీలు తీసి పారెయ్యడం. బొత్తాల పక్కన సన్నటి కాగితపు చీటీలుంటాయి. పైన ఒక పాట, కింద ఒక పాట, నడుమ పాడినవారి పేరు. టైపుమిషను మీద కొట్టినవి. నూనె మరకలు పడి, పసుపుపచ్చగా మారి, చూడ్డానికి అసహ్యంగా వుంటాయి. వాటి స్థానంలో అందరికీ తెలిసిన పెద్ద పెద్ద పాటల పేర్లు శుభ్రంగా అచ్చువేసి పెడతారు. ఏ మిషను చూసినా అవే పదీ ఇరవై పాటలు! ఫలానా వూళ్ళో, ఫలానా ఏడాది, ఫలానా పేట జనం ఏం విన్నారన్న సాక్ష్యం ఆ మురికి చీటీల్లో వుంది. ఆపరేటరు లెక్కల పుస్తకంలో వుంది. కర్రపెట్టెను దాచి, చీటీని చెత్తబుట్టలో వేస్తే, పెళ్ళి ఆల్బం అట్ట దాచుకుని ఫోటోలు పారేసినట్టు కాదూ?

సరిగ్గా చేసేవాళ్ళూ లేకపోలేదు. హాలెండులో ఉట్రెక్ట్ పట్టణంలో ఒక పాత చర్చిలో వాటంతటవే వాయించే వాయిద్యాల మ్యూజియం వుంది. లండన్ దగ్గర బ్రెంట్‌ఫర్డ్‌లో ఇంకొకటి, 1963లో పెట్టింది. అక్కడ వస్తువును అద్దాల వెనక పెట్టి చేతులు కట్టుకోరు, వాయించి చూపిస్తారు. దీనిలో ఒక చిక్కు వుంది. వాయిస్తే అరుగుతుంది, వాయించకపోతే బిగుసుకుపోతుంది. రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ బీటలు తీస్తుంది, మైనపు గొట్టాలకు బూజు పడుతుంది. పాతకాలపు ముల్లు మైనపు గొట్టం మీద నడిచిన ప్రతిసారీ పాటలో ఇంత గీసుకుపోతుంది. అందుకని కాలిఫోర్నియాలో బర్కిలీ పరిశోధనశాలవాళ్ళు ముల్లు తగలకుండా, కెమెరాతో గాడిని ఫోటో తీసి, ఆ ఫోటోలోంచి శబ్దం రప్పించే పద్ధతి తయారుచేశారు. అదే రాష్ట్రంలో శాంటా బార్బరా యూనివర్సిటీ లైబ్రరీ, పదివేలకు పైగా మైనపు గొట్టాల పాటల్ని ఎవరైనా ఉచితంగా వినేలా ఇంటర్నెట్టులో పెట్టింది.

కథ మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కోలోనే, సముద్రపు ఒడ్డున మ్యూజే మెకానిక్ అని ఒక చోటుంది. బిళ్ళతో నడిచే పాత మిషన్లు మూడువందల దాకా వున్నాయి, పియానోలు, పాటల పెట్టెలు, ఆటబొమ్మలు. లోపలికి వెళ్ళడానికి డబ్బక్కర్లేదు. లోపల మాత్రం మిషనుకు బిళ్ళ వెయ్యాల్సిందే. ఆ బిళ్ళలతోనే వాటి రిపేర్లు గడుస్తాయి. 2020 మేలో ఆ రేవులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఒక గోడౌను గోడౌనే కాలిపోయింది. మ్యూజియం దక్కింది.

ఇంత చెప్పి, మా ఇంటి సంగతి దాచడం న్యాయం కాదు. మా మామగారి నాన్నగారిది గ్రామఫోన్ ఒకటి మా ముందు గదిలో వుంది. నేనే పాలిష్ పెట్టించాను. దానిమీద పూలకుండీ కూడా పెట్టాను. వచ్చినవాళ్ళందరూ భలే వుందంటారు. వాయించండి అని ఏ పిల్లో అడిగితే మాత్రం నీళ్ళు నములుతాను. ప్లేట్లు లేవు. ఇల్లు మారేటప్పుడు బరువని, గీతలు పడ్డాయని, స్టీలు సామాన్ల మనిషికి ఇచ్చి రెండు గిన్నెలు తీసుకున్నాం. గిన్నెలు ఇప్పటికీ వాడుతున్నాను.

ఈ ప్రసంగం రాసుకుంటూ మొన్న మా అత్తగారి దగ్గర కూర్చున్నాను. "అత్తయ్యా, ఆ ప్లేట్లలో ఏమేం పాటలుండేవో గుర్తున్నాయా?" అంటే, ముందు "ఇప్పుడెందుకే ఆ గోల" అన్నారు. తర్వాత ఒక్కొక్కటే కూనిరాగం తీస్తూ చెప్పారు. ఏ ప్లేటు ఎవరు కొన్నారు, ఏది ఎవరి పెళ్ళిలో వేశారు, ఏది వేస్తే మామగారు కోప్పడేవారు, అన్నీ చెప్పారు. చాకలిపద్దు పుస్తకం వెనకపేజీల్లో రాసుకున్నాను. పదకొండు తేలాయి. పన్నెండోది రాగం వస్తోంది గాని మాట రావడం లేదట. రాత్రి పడుకోబోతూ గుమ్మం దగ్గరికొచ్చి, "అది 'ఓ'తో మొదలవుతుందే" అని చెప్పి వెళ్ళారు. అదీ రాసుకున్నాను.